రెండు పన్నులు

అరవైల మొదట్లో, జీతం పెరిగి నాకు మొదటిసారి ఇన్‌కంటాక్సు పడింది. బిట్రగుంటలో పాసింజరెక్కి నెల్లూరు వస్తూ పక్కనున్న స్నేహితుడితో వాపోయాను. "ఈ నెల రెండు పన్నులు పీకినారు."

ఎదురు బల్లమీది ముసలమ్మ కొంగుముడి విప్పి నాకు లవంగం ఇచ్చింది. "చిగురుకి ఆనించి పెట్టుకో నాయనా, నొప్పి తగ్గుతాది."

నవ్వాపుకొని విడమరిచాను. ఒకటి ఆదాయం మీద ఢిల్లీ తీసుకునేది. రెండోది వృత్తిపన్ను, ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నందుకు మునిసిపాలిటీ వేసేది. వీధి దీపాలకీ, మురుగు కాలవలకీ.

"సముద్రం ఒడ్డున మా పాళెంలో ఆ రెండోది అడిగేవోళ్ళే లేరు," అంది. కొంగు మళ్ళీ ముడేసుకుంటూ, "దీపం గూడా లేదులే," అంది.

లవంగం మాత్రం తిరిగి తీసుకోలేదు; నేనే నోట్లో వేసుకున్నాను. ఇప్పటికీ మా వీధి దీపం వెలగ్గానే నాలుకకు ఆ ఘాటు తగులుతుంది.