ఇంగ్లండు రాజూ, మా బావగారూ

మా అమ్మాయికి చిన్నప్పటి నుంచీ ఒక అలవాటుంది. ఏ పాఠం చదివినా నాకు ఒప్పజెప్పాలి. అది నాకు అర్థం కావాలనేం లేదు. నేను వంటింట్లో చేపలు కడుగుతుంటే గుమ్మంలో కూర్చుని గడగడా చెప్పేది, నేను ఊఁ కొట్టేదాన్ని. ఎక్కడ ఆగితే అక్కడ మర్చిపోయిందని మా లెక్క. ఇప్పుడు అది ఇపో పట్నంలో, మా ఆయన పెద్దన్న అయిన మా బావగారింట్లో ఉండి చదువుకుంటోంది, మేం సుంగై సుమున్ పల్లెలో ఉన్నాం. ఊఁ కొట్టడం ఫోన్లోకి మారింది.

ఈ ఏడాది శ్రీరామనవమికి ముందు ఒక ఆదివారం చరిత్ర పాఠం మొదలుపెట్టింది. మలయ్ బడిలో చదివే పిల్ల కదా, మాట చివర వాళ్లలాగే 'లా' అని తగిలిస్తుంది.

"అమ్మా, అప్పట్లో ఇంగ్లండు రాజు కింద బంగ్సావన్లు ఉండేవోళ్లు. అంటే పెద్ద పెద్ద భూములున్న ప్రభువులు లా. ఒక్కొక్కడికీ సొంత సైన్యం. మరి ఆళ్లని రాజు ఎలగ అణిసినాడో తెల్సా?"

"ఎలగ?"

ఆ రాజు ఒకచోట కుదురుగా ఉండడట. పరివారమంతా వెంటబెట్టుకుని ఒక్కో ప్రభువు ఇంట్లో దిగుతాడట. తిని, తాగి, వేటాడి, వాళ్ల గాదెలు ఊడ్చేసి గానీ కదలడట. నాకు నవ్వాగలేదు. హరిరాయ, అంటే ఇక్కడి రంజాన్ పండగ సెలవులొస్తే మా బావగారు చేసేదీ అదే. ఆయన వచ్చి వెళ్లాక మా దొడ్లో కూయడానికి కోడి మిగలదు.

తన అనుమతి లేకుండా ప్రభువులు కోట కట్టకూడదట, పెళ్లిళ్లు చేయకూడదట. మా ఆయన ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకున్నందుకు "నాకొక్క మాట సెప్పినారా?" అని బావగారు చాలాకాలం మా గడప తొక్కలేదు. నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను.

"ఇంకోటుంది అమ్మా. ఆళ్ల కొడుకుల్ని తెచ్చి తన కొలువులో పెంచుతాడు. మంచి తిండి పెడతాడు, గుర్రం సవారీ నేర్పిస్తాడు. బందీలు అనడు. అందుకే ఒక్క తండ్రీ ఎదురు తిరగడు."

నా నవ్వు ఆగిపోయింది.

మా ఆయన వాళ్లు నలుగురు అన్నదమ్ములు. తండ్రి త్వరగా పోతే పెద్దాయనే లారీ నడిపి తమ్ముళ్లను పెంచాడు. అది అబద్ధం కాదు. తర్వాత ఇపోలో సొంత లారీలు కొని, పెద్ద ఇల్లు కట్టి, తమ్ముళ్ల పిల్లల్లో ఒక్కొక్కరిని చదువుకోసం తన దగ్గరికి రప్పించుకున్నాడు. ఎవరినీ లాక్కుపోలేదు. మేమే బట్టలు సర్ది, దణ్ణం పెట్టించి పంపించాం. మా దానికి ఐదో ఫారం అయిపోగానే ఇంటికి పంపేస్తానన్నాడు. ఐదో ఫారం అయిపోయింది, ఆరో ఫారం కూడా సగమైంది. ఇక్కడి టీచర్లు మంచోళ్లు అంటాడు. నా బిడ్డ గొంతు నాకు ఫోన్లో తప్ప వినిపించని రోజులు ఇన్ని గడిచిపోతున్నాయని ఆయనకు ఎవరు చెప్తారు?

మా ఆయన చెప్పాలని తీర్మానించాను. నవమికి అందరం ఇపోలోనే కలుస్తాం. పదిమందిలో అడిగితే కాదనలేడని నా ఎత్తు. దారి పొడుగునా లారీ నడుపుతున్న మా ఆయన చేత ఆ మాట అనిపించాను. "అన్నా, పిల్లని ఇంటికి తీసుకెళ్లిపోతాం." ఇంతే కదా మాట. ఆయన చక్కగానే అప్పజెప్పాడు.

బావగారింట్లో నవమి పూజకి ఒక పద్ధతి ఉంది. తొలి కొబ్బరికాయ ఎవరు కొట్టాలో ఆయన అప్పటికప్పుడు చెప్తాడు. కొట్టినవాడే ఆ ఏడాదికి ఇంట్లో ఆయన తర్వాత అంతటివాడు. దానికోసం నడిమి తమ్ముళ్లిద్దరికీ పడదు, వాళ్ల పెళ్లాలకు అసలే పడదు. కడగొట్టువాడైన మా ఆయన వంతు ఎప్పుడూ మా దొడ్లో కాయలు కోసి బస్తాలో మోసుకురావడమే.

ఆ రోజు హారతి అయ్యాక బావగారు అందరినీ ఒకసారి కలయజూశాడు.

"సిన్నోడా, రా. ఈయేడు నువ్వు కొట్టు."

మా ఆయన రెండు చేతులా కాయ అందుకున్నాడు. కళ్లనిండా నీళ్లు. కాయ చక్కగా రెండు చిప్పలైంది. అన్నగారు తమ్ముడి నుదుట బొట్టు పెట్టి వీపు తట్టాడు. ముందరికాళ్లకు బంధం పడిందని నాకు అర్థమైపోయింది. భోజనాల దగ్గర నేను ఎంత సైగ చేసినా మా ఆయన పులిహోరలోంచి తల ఎత్తలేదు.

నాకు ఒళ్లు మండింది. పానకం చెంబు కిందపెట్టి నేనే అడిగేశాను.

"బావగారూ, పిల్లని మాతో పంపించండి. మా ఊరి పక్కన తెలుక్ ఇంతాన్‌లో సదివించుకుంటాం."

అందరి చేతులూ ఆగిపోయాయి. ఆయనకు మాత్రం కోపం రాలేదు. వచ్చినా బాగుండేది.

"నానొద్దన్నానేటమ్మా? నీ పిల్ల, నీ ఇష్టం. దాన్నే అడుగు."

మా అమ్మాయి ఆయన కొనిచ్చిన కొత్త పరికిణీలో ఉంది. ముందు ఆయన ముఖంలోకి చూసింది. ఆ తర్వాతే నా వైపు చూసింది.

"ఇక్కడే ఉంటాను లా అమ్మా. పరీచ్చలు కదా."

మా పెద్ద తోటికోడలు నా గ్లాసులో ఇంకాస్త పానకం పోసింది. తాగాను. ఇంకేం చేయను?

తిరుగు దారిలో లారీ అద్దం ముందు ఆ కొబ్బరిచిప్ప పెట్టుకుని మా ఆయన బండి నడుపుతున్నాడు. దాన్ని బయటికి విసిరేయమని అరిచాను.

"అన్న మనకేటి తక్కువ సేసినాడే?" అన్నాడు నెమ్మదిగా.

నిజమే, ఏం తక్కువ చేయలేదు. తక్కువ చేసినవాణ్ణయితే తిట్టిపోయొచ్చు. మింగలేక కక్కలేక ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చాను.

పరీక్షల ముందు మళ్లీ ఒక ఆదివారం ఫోన్ వచ్చింది. ఈసారి టీవీ చప్పుడు వినిపించింది, వెంటనే తగ్గింది. దగ్గర్లోనే బావగారి దగ్గు.

"నాను కూడా ఇంటానమ్మా. సెప్పించు," అన్నాడు.

మా అమ్మాయి మొదలుపెట్టింది. రాజు ప్రభువుల ఇళ్లలో దిగడం చెప్పింది. కోటలకు అనుమతి గురించి చెప్పింది. పెళ్లిళ్ల గురించి చెప్పింది. "అలగ రాజు ఆళ్లని గుప్పిట్లో పెట్టుకున్నాడు," అని ముగించేసింది. కొలువులో పెరిగే కొడుకుల మాట రానేలేదు. ఎక్కడ ఆగితే అక్కడ మర్చిపోయిందని మా లెక్క. నా బిడ్డ ఎక్కడా ఆగలేదు.

దానికి అన్నీ తెలుసు. నవమినాడు కూడా తెలుసు. అది తెలిసి నాకు సంతోషించాలో గుండె బాదుకోవాలో తెలియలేదు.

"సూసినావా, పిల్ల ఎంత బాగా సదువుతోందో!" అన్నాడు బావగారు.

"ఏదైనా ఇడిసిపెట్టినానా అమ్మా?" అని అడిగింది అది.

"నేదమ్మా," అన్నాను. "అన్నీ సెప్పినావు."