శామ్యూల్ గారి గిటారు, నా మైకు కూత

1979 ఎండాకాలం. హనుమకొండలో నాది చిన్న మైకుసెట్టు దుకాణం. పెళ్లిళ్లు, ఊరేగింపులు, ఎన్నికల సభలు చేసి చేసి, నాకు తెలియని శబ్దం లేదనుకునే వయసు.

కాజీపేట రైల్వే కాలనీలో శామ్యూల్ అనే ఇంజన్ డ్రైవర్ గారి రిటైర్మెంట్ సభకు పిలిచారు. ఉపన్యాసాలయ్యాక ఆయనే గిటారు వాయిస్తారన్నారు. "ఇన్నేండ్లు ఇంట్లనే వాయించిన తమ్మీ. డ్యూటీ దిగిననాడు అందరి ముందట వాయిస్తనని దోస్తులకు మాటిచ్చిన" అన్నారాయన, కొంచెం సిగ్గుపడుతూ.

అది రెజొనేటర్ గిటారు. ఎప్పుడో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ ఊరు వదిలి వెళ్తూ ఇచ్చాడట. చెక్క డబ్బా మధ్యలో పళ్లెమంత అల్యూమినియం కోన్, దానిపై చిల్లుల మూత. తీగ మీటితే కోన్ అదిరి మోగుతుంది. గిటారును ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, తీగల మీద ఇనుప కడ్డీ జారుస్తూ వాయిస్తారు.

"సభ మొదలుగాక ముందు ఒకసారి మైకుల వాయించి చూద్దామా?" అని ఆయన అడిగారు.

"ఏం ఫికర్ చెయ్యకుండ్రి సార్, నేనున్న గద" అన్నాను.

ఆయన మొదటి తీగ మీటగానే నా హార్న్ స్పీకరు కీచుమని కూసింది. దాన్ని మేం ఫీడ్‌బ్యాక్ అంటాం. మైకు పట్టిన శబ్దం హార్న్‌లోంచి బయటికొచ్చి, మళ్లీ అదే మైకులో దూరి, తిరిగేకొద్దీ పెరిగి కూత అవుతుంది. వాల్యూమ్ తగ్గిస్తే గిటారు వినపడదు. పెంచితే కూత. పిల్లలు చెవులు మూసుకున్నారు. "డ్రైవర్ సాబ్, ఇంజన్ కూత ఇంకా ఇడువలేదా?" అని ఎవరో అరిస్తే షామియానా అంతా నవ్వింది. శామ్యూల్ గారు తీగల మీంచి చేతులు తీసేసి తల వంచుకున్నారు. నేను వైర్లు చూస్తున్నట్టు ఆంప్లిఫయర్ వెనక నక్కాను.

ముందు వరుసలోంచి ఆయన భార్య రూతమ్మ గారు లేచి నా దగ్గరికి వచ్చారు. ఆమెకు చెవులు వినపడవు. కూత వినలేదు గానీ నవ్వే ముఖాలు చూశారు.

"ఏమైంది బిడ్డా? ఆయన తప్పు వాయిస్తాండా?"

కాదని తలూపి, నా గుండె మీద వేలు పెట్టుకున్నాను.

"నీదా తప్పు? అయితే గదే మైకుల చెప్పు."

నేను మైకు తీసుకుని, "చిన్న సాంకేతిక లోపం, దయచేసి సహకరించండి" అని చెప్పి వెనక్కి తిరిగాను. ఆమె అక్కడే నిలబడి ఉన్నారు.

"నువ్వు చెప్పలే బిడ్డా. ఒక్కలు గూడ నీ దిక్కు చూస్తలేరు. అందరు ఆయన్నే చూస్తాండ్రు."

చెవులు వినపడని మనిషికి నేను దొరికిపోయాను. మళ్లీ మైకు పట్టుకున్నాను.

"అమ్మలారా, అన్నలారా, ఆ కూత గిటారుది కాదు, సార్ చేతిది కాదు. తప్పు నా మైకుసెట్టుది, యాడున్నదో నాకే ఇంకా తెల్వలే. ముందుగాల చూద్దామని సార్ అడిగిండు. నేనే ఇనలే."

"మరి మైకుసెట్టు ఎందుకు పెట్టినవ్?" అని ఒక పెద్దాయన గద్దించాడు. నవ్వంతా నా వైపు మళ్లింది. దాక్కోవడానికి ఇక చోటు లేదు.

అప్పుడు తలెత్తి చూశాను. ఆయన వెనక గుంజకు నేను కట్టిన హార్న్ కిందికి వంగి ఉంది. ఒళ్లో కోన్ పైకి చూస్తోంది. హార్న్ శబ్దం కోన్‌ను అదిరిస్తోంది, ఆ అదురును మైకు పట్టుకుంటోంది. హార్న్ ఆపేశాను. వెంట తెచ్చిన రెండు స్పీకర్ బాక్సులను స్టేజీకి ముందు, జనం వైపు తిప్పి పెట్టాను. మైకును కోన్ నడిమికి కాకుండా అంచుకు, బాగా దగ్గరగా దించాను. దగ్గరైతే వాల్యూమ్ తక్కువ చాలు. సన్నని శబ్దాలను పెంచే ట్రెబుల్ కూడా తగ్గించాను.

శామ్యూల్ గారు కాసేపు తటపటాయించి, మళ్లీ కడ్డీ ఎత్తారు. ఈసారి కూత రాలేదు. రూతమ్మ గారు బాక్సు మీద అరచేయి ఆనించి, జనం ముఖాలు ఒక్కొక్కటే చూశారు. "ఇప్పుడు నవ్వుతలేరు" అన్నారు.

తర్వాత చాలా స్టేజీలు చేశాను. కూత వచ్చినప్పుడు జనం మైకువాణ్ణి చూడరు, వాయించేవాణ్ణే చూస్తారు. పొరపాటు మాది, తలవంపు వాయించేవాడిది. మైకు మా చేతిలోనే ఉంటుంది కాబట్టి ఆ మాట మేమే చెప్పాలి.