మోకాలెత్తు గోడల ఇల్లు

పోయిన నెల ఒక ఉదయం, పొయ్యి మీద పాలు పెట్టి నిలబడి ఉండగా ఫోన్ మోగింది. పెద్దమ్మ బాడుగకు ఉంటున్న ఇంటి యజమాని చేశాడు.

"అమ్మా, మీ పెద్దమ్మ నిద్రలోనే పోయిందమ్మా. తలుపు తట్టి తట్టి, చివరికి నెట్టి చూసినాం," అన్నాడు.

పొయ్యి ఆర్పి పీట మీద కూర్చున్నాను. ఆయన ఫోన్ పెట్టలేదు. గొంతు తగ్గించి మళ్ళీ అన్నాడు: "తప్పుగా అనుకోవద్దమ్మా. మా పాప పెండ్లికి నిన్ననే పందిరి గుంజ నాటినాం. ఈడ పెట్టుకునేదానికి మా ఇంట్లో ఆడోళ్ళు ఒప్పుకోరు. యాడికి తీసకపోతారో రోంత తొందరగా చూడండి."

ఆయన చెడ్డవాడు కాదు. అంబులెన్సుకు తనే ఫోన్ చేశాడు. శుభకార్యం పెట్టుకున్న ఇంట్లో బాడుగవాళ్ళ శవాన్ని ఉంచుకోరు, అది మా ఊళ్ళో కొత్త సంగతేమీ కాదు. కానీ ఆ "యాడికి" అన్న మాట నా చెవిలో చాలాసేపు ఉండిపోయింది.

పెద్దమ్మ నాకు రక్తసంబంధం కాదు. నేను పెళ్ళయి ప్రొద్దుటూరు వచ్చిన కొత్తలో ఇద్దరం ఒకే ఇంట్లో పక్కపక్క వాటాల్లో ఉండేవాళ్ళం. కొళాయి ఒకటే. ఆమెకు భర్త లేడు, పిల్లలు లేరు. బట్టల అంగళ్ళ నుంచి చీరలు తెచ్చుకుని ఫాల్ కుట్టేది. కుట్టు కనపడకూడదు, ఊడకూడదు. ఆ రెండు పనులూ ఆమె సూదికి బాగా తెలుసు. నాకు ఇంటి ఖర్చు రాసుకునే అలవాటు ఉంది. "ఆ పుస్తకంలో నవ్విన రోజులు గూడా రాయమ్మే, చదువుకునేదానికి బాగుంటాది," అని ఏడిపించేది.

కొన్నేళ్ళకు మేం సొంతిల్లు కట్టుకున్నాం. ఆమె మాత్రం ఇళ్ళు మారుతూనే ఉంది. ప్రొద్దుటూరు పెరిగింది. బంగారు అంగళ్ళు పెరిగాయి, బట్టల అంగళ్ళకు అంతస్తులు లేచాయి. యజమానులు మిద్దె మీద మిద్దె వేయడం మొదలుపెట్టారు. మిద్దె వేసేటప్పుడు కింద ఉన్నవాళ్ళను ఖాళీ చేయిస్తారు. పని అయ్యాక అదే వాటాకు బాడుగ పెరిగి పాతవాళ్ళకు అందదు. అలా పెద్దమ్మ నడి ఊరి నుంచి వీధి వీధిగా ఊరి అంచుకు వచ్చేసింది. సామాను ఆటోలో ఎక్కిస్తూ ఒకసారి, "ఊరు బాగుపడతాంది పాపా. నన్ను రోంత జరగమంటాంది," అంది. ఆ మాటలో కోపం లేదు. బస్సులో పక్కవాళ్ళకు చోటిచ్చినట్టు చెప్పింది.

ఆమెకు కోపం వచ్చేది ఒక్క విషయంలోనే. ఎన్నికలప్పుడు ప్రచారానికి వచ్చేవాళ్ళు వీధి వాకిట్లోనే యజమానిని పలకరిస్తారు. "ఈ ఇంట్లో ఎన్ని ఓట్లప్పా?" అని అడుగుతారు. "పైన నాలుగు, కింద మూడు. అన్నీ మనవే," అంటాడు ఆయన. రెండో పార్టీ వాళ్ళు వచ్చినా అదే జవాబు. అందరూ నవ్వుకుంటారు, పక్కింటికి పోతారు. ఆ కింది మూడింటిలో పెద్దమ్మ ఓటు ఒకటి. ఆమె తలుపు వెనకాలే కూర్చుని చీర కుడుతూ ఉంటుంది.

"నేనీడనే ఉండా గదా పాపా. నన్ను ఒక్క మాట అడిగితే వాళ్ళ నోరు అరిగిపోతాదా?" అనేది నాతో.

పులివెందుల దగ్గర, వేముల వైపు పల్లెలో ఆమె కాపురం చేసిన రోజుల్లోనూ ఇంతేనట. ఓటు ఎవరికి వేయాలో పొలాలున్న పెద్దాయన ఆమె మామకు చెప్పేవాడు. మామ ఆ మాట ఇంటికి మోసుకొచ్చి కోడళ్ళకు చెప్పేవాడు. పల్లెలో మామ, టౌన్లో ఇంటి ఓనరు. సొంతిల్లు ఉంటే ఎవరైనా తన గడప దగ్గరికి వచ్చి తననే అడగాల్సి వస్తుందని ఆమె ఆశ. నీడ కోసం, బాడుగ బాధ తప్పడం కోసం అందరూ ఇల్లు కావాలనుకుంటారు. ఆమెకూ అవన్నీ ఉన్నాయి. వాటన్నింటి కంటే ఈ ఆశే పెద్దది.

ఒక ప్రభుత్వంలో ఆమెకు జమ్మలమడుగు రోడ్డు పక్కన లేఅవుట్లో ఇంటి స్థలం వచ్చింది. బేస్‌మట్టం వేసుకుంది. దాని మీద గోడలు మోకాలెత్తు లేచేసరికి ప్రభుత్వం విడతల్లో ఇచ్చే బిల్లు ఆగింది, ఆమె దగ్గరున్న దుడ్లూ అయిపోయాయి. తర్వాత ప్రభుత్వం మారింది. గోడలు మాత్రం అక్కడే ఆగిపోయాయి. చుట్టూ అలాంటివే ఇంకా ఎన్నో ఉన్నాయి, మధ్యలో తుమ్మ చెట్లు.

ఆదివారం ఆదివారం అక్కడికి వెళ్ళేది. వీలైనప్పుడల్లా నేనూ వెంట వెళ్ళేదాన్ని. మొదటిసారి దగ్గరి దారి కదా అని గోడ దాటి లోపల కాలు పెట్టాను.

"ఏమ్మే, గోడ దుంకుతాండావు! దొంగవా, చుట్టానివా?" అంది.

తలుపు కోసం వదిలిన సందు రోడ్డు వైపు ఉంది. చుట్టూ తిరిగి ఆ సందులోంచే రావాలి. తలుపు లేదు, గడప లేదు, పైన ఆకాశం. అయినా ఆమె ఆ సందు దగ్గర చెప్పులు విడిచేది. హాల్లో చాప పరిచి చీర ఒళ్ళో వేసుకుని కుట్టుకునేది. పొయ్యి ఎక్కడో, నీళ్ళ బిందె ఎక్కడో ముగ్గుతో గీసి పెట్టేది. నేను టేపు తీసుకెళ్ళి పడకగది కొలిచాను. "మంచం పడుతుంది కానీ తలుపు తెరుచుకోదు పెద్దమ్మా," అన్నాను. ఆమె పెద్ద చిక్కే వచ్చినట్టు ఆలోచనలో పడింది. "అయితే తలుపును బయటికి తెరుస్తాలే," అంది చివరికి. ఇంటికి వచ్చాక కూడా ఆ తలుపు గురించే మాట్లాడింది.

పోయిన ఎన్నికలప్పుడు యజమాని మామూలుగానే వాకిట్లో లెక్క చెప్తున్నాడు. పెద్దమ్మ సూది దించి బయటికి వచ్చింది. "నాయనా, నా ఓటు కావాలంటే నా ఇంటికొచ్చి అడగండి. ఆదివారం ఆడనే ఉంటా," అని లేఅవుటు పేరు చెప్పింది. ఒక పార్టీ వార్డు నాయకుడు పగలబడి నవ్వి వెళ్ళిపోయాడు. రెండో పార్టీ వాళ్ళు మర్యాదగా, "తప్పకుండా వస్తామమ్మా," అన్నారు.

ఆ ఆదివారం ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆమె కొత్త చీర కట్టుకుని, కుండలో నీళ్ళు, రెండు గ్లాసులు తెచ్చిపెట్టుకుంది. మధ్యాహ్నం దాటింది. వస్తామన్నవాళ్ళు రాలేదు. ఇంటికి పోదామని నేనడగబోతుండగా రోడ్డు మీద బండి ఆగింది. నవ్వినాయనే.

"ఏం పెద్దమ్మా, జమ్మలమడుగు పోతా పోతా చూస్తే నిజంగానే కూర్చోనుండావే!" అంటూ గోడ దాటి లోపలికి వచ్చాడు.

"ఆగప్పా. వంటింట్లోకి దుంకినావు."

"వంటిల్లా ఇది?"

"అదో, నీ కుడికాలు పొయ్యి మీదుండాది. తిరుక్కోని వాకిట్లోంచి రా."

ఆయన కిందికి చూశాడు. ముగ్గు గీత మీద నుంచి కాలు తీశాడు. చుట్టూ తిరిగి వచ్చి, చెప్పులు విడిచి, చాప మీద కూర్చుని నీళ్ళు తాగాడు. లేచేటప్పుడు మెడలో కండువా సర్దుకుని రెండు చేతులూ జోడించాడు. "పెద్దమ్మా, ఈసారి నీ ఓటు మాకే వేయల్ల."

"అడిగినావు గదా నాయనా. ఆలోచన చేస్తా," అంది ఆమె.

బండి వెళ్ళాక నేను ఉండబట్టలేక అడిగాను: "ఇంటి బిల్లు సంగతి ఒక్క మాట చెప్పకపోతివే?"

"ఆ మాటెత్తితే నేనడిగినట్టయితాది. ఈరోజు అడిగేది ఆయప్ప వంతు."

"అయితే ఓటు ఆయనకేనా?"

"ఏం, అడిగితే వేయల్లనా? అడగల్ల, అంతే."

ఎవరికి వేసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత కూడా గోడలు లేవలేదు. మోకాళ్ళ నొప్పులు ముదిరి ఆమె వెళ్ళడం మానేసింది. నన్ను పంపేది. తిరిగి వచ్చాక, "గోడలుండాయా పాపా?" అని అడిగేది. ఉన్నాయి అనేదాన్ని. "వాకిలి?" అనేది. లేని వాకిలిని ఉంది అని చెప్పడానికి మొదట్లో నా నోరు తడబడేది. తర్వాత అలవాటైంది. ఇప్పుడు ఆదివారాలు ఆ ప్రశ్న లేక నాకు తోచడం లేదు.

ఫోన్ వచ్చిన ఆ ఉదయం మా ఆయన, "మన ఇంటికే తెద్దాం," అన్నాడు. ఆ మంచితనానికి కళ్ళు చెమర్చాయి. కానీ, "ఆమెకు ఇల్లుంది," అన్నాను. పులివెందులలో ఉన్న ఆమె తమ్ముడికి ఫోన్ చేసి లేఅవుటు దారి చెప్పాను. షామియానా వాళ్ళు హాలు నాలుగు మూలలా గుంజలు కట్టి నీడ వేశారు. మోసుకొచ్చినవాళ్ళకు సందు చూపించాను. పెద్దమ్మను అందులోంచే లోపలికి తీసుకొచ్చి చాప మీద పడుకోబెట్టారు.

తమ్ముడు వచ్చాడు. బట్టల అంగళ్ళవాళ్ళు వచ్చారు. ఆ వార్డు నాయకుడు పూలదండతో వచ్చాడు. మధ్యాహ్నం యజమాని వచ్చాడు. లోపలికి రాకుండా ఎండలో రోడ్డు వైపే నిలబడ్డాడు. పెండ్లి పెట్టుకున్నాడు, శవం దగ్గరికి రాడులే అనుకున్నాను. ఆయన చెప్పులు విడిచి చేతులు కట్టుకున్నాడు. నా వైపు చూడలేదు. చాప వైపు చూస్తూ, "లోపలికి రావచ్చునామ్మా?" అని అడిగాడు.

అడిగాకే ఆ సందులోంచి లోపలికి వచ్చాడు.

జనం ఎక్కువయ్యేకొద్దీ ఆడవాళ్ళు వంటింట్లో సర్దుకుని కూర్చున్నారు. మగవాళ్ళు హాల్లో ఉన్నారు. తమ్ముడు పడకగదిలో గోడ పక్కన ఒక్కడే తలవంచుకుని కూర్చున్నాడు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో నేను చెప్పలేదు. జమ్మలమడుగు వైపు పోయే బస్సు మా ఎదురుగా వచ్చేసరికి నెమ్మదించింది. కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. ఎండలో, తుమ్మ చెట్ల మధ్య, మూడు గదుల నిండా మనుషులున్న ఆ ఇంటిని వాళ్ళు మలుపు తిరిగేదాకా చూస్తూనే పోయారు.