తలవంచని ఓడదొంగ

సరోజన పుట్టింది చెన్నూరు దగ్గర ఒక యక్షగానం మేళంలో. ఆడవాళ్లు కూడా మగ వేషాలు కట్టే కుటుంబం వాళ్లది. తల్లి రాజు వేషానికి పేరుపడ్డ మనిషి. కూతురికి రాజులు రుచించలేదు. మేళంలో ఓడల కథ ఒకటి ఉండేది. అందులో షావుకార్ల ఓడలను కొల్లగొట్టే సముద్రపు దొంగ వేషం ఆమె అడిగి మరీ తీసుకుంది. ఇంట్లో ఎవరూ సముద్రం ఎరగరు. అందుకని సరోజన గోదావరి రేవుకు పోయి, ఊగే పడవ మీద నావవాళ్లు పాదాలు ఎడంగా వేసి ఎట్లా నిలబడతారో చూసి వచ్చింది. ఆ నిలకడ వంటబట్టాక, ఆటలో ఓడకు బదులు ఆమె ఎక్కిన ఎద్దులబండి కూడా ఓడలాగే కనిపించేది.

నిజాం పాలన పోయిన కొత్తల్లో ఆమెకు బెల్లంపల్లి పోశంతో పెళ్లయింది. గని పైన బొగ్గు ఎత్తే పని అతనిది. పెళ్లయ్యాక ఆట మానేస్తుందని చుట్టుపక్కల వాళ్లు అనుకున్నారు. పోశం మాత్రం, "నీ వేషం సూసే నిన్ను అడిగిన. గది మానేస్తే ఎట్ల?" అన్నాడు.

గని దీపాల గదిలో పనిచేసే అంబదాస్ హార్మోనియం వాయించేవాడు. ఆదివారాలు గనికి సెలవు. బజారు మైదానంలో బండి మీద వెదురు గడ నిలబెట్టి, పోశం ధోవతిని తెరచాపగా కట్టి ఆడేవాళ్లు. జొన్నలు దాచిపెట్టి ధర పెంచే వ్యాపారుల మీద ఆ రోజుల్లో కార్మికులు మండిపడుతుండేవాళ్లు. దొంగ, షావుకారు ఓడలోని ధాన్యం జనానికి పంచిపెట్టే ఘట్టం రాగానే మైదానమంతా ఈలలు మోగేవి.

కొన్నాళ్లకు పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. గనికి కూలీలను పెట్టే కంట్రాక్టరు రాజం నిలబడ్డాడు. పోశం ఆయన కిందే పనిచేసేవాడు. ఒక సాయంత్రం రాజం వాళ్లింటికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"ఆఖర్ల రాజు వేషం నేను కడ్త. దొంగను నేను పట్టాలె, నువ్వు నా కాళ్ల మీద పడాలె. జనం సూడాలె."

"కట్టుండ్రి సాబ్. పట్టుండ్రి, చేతులు కట్టుండ్రి. గది కథల ఉన్నదే," అంది సరోజన. "కాళ్ల మీద పడుడు లేదు. మా మేళంల దొంగ ఎన్నడు పడలే. మా అవ్వ రాజు కట్టినా పడుమనలే."

రాజం పోశం వైపు తిరిగాడు. "జర సమజాయించు నీ పెండ్లాన్ని. నీ పని నా చేతిలున్నది."

ఆయన వెళ్లాక సరోజనకు దిగులు పట్టుకుంది. మొగుడి పని పోతే ఇల్లెట్లా గడుస్తుంది? పోశం చుట్ట ముట్టించి అన్నాడు: "ఫికర్ జేయకు. పని పోతే ఇంకోటి దొరుకుతది. నువ్వు ఒక్కసారి పడ్డవంటే గా వేషం మళ్ల కట్టవు. నాకెరికే."

ఆ ఆదివారం ఇంకా ఎండ ఉండగానే మైదానం నిండిపోయింది. రాజం పట్టుబట్టలు కట్టి, కిరీటం పెట్టుకుని బండి ఎక్కాడు. బండి ఊగింది. తూలబోతుంటే సరోజనే చేయి అందించి నిలబెట్టింది. జనం నవ్వారు. కత్తియుద్ధంలో, కథ ప్రకారం, ఆమె ఓడి కత్తి జారవిడిచింది. రాజం ఆమె చేతులు వెనక్కి కట్టి, "ఇగ పడు," అని చెవిలో గొణిగాడు.

సరోజన గొంతు పెంచింది. "రాజా, ఓడ గెలిసినవ్, తీస్కో. చేతులు కట్టినవ్, మంచిది. తల వంచుడు మాత్రం నాతోని కాదు."

రాజం ఆమె భుజం పట్టి కిందికి అదిమాడు. ఎడంగా నిలిపిన ఆమె పాదాలు కదలలేదు. మంగళం పాడాల్సిన చోట అంబదాస్ హార్మోనియం మీద దొంగ ప్రవేశం పాట ఎత్తుకున్నాడు. వెనక వరసల్లోని బొగ్గు కూలీలు అందుకున్నారు. తర్వాత మైదానమంతా పాడింది. రాజం కిరీటం చేత పట్టుకుని బండి దిగిపోయాడు.

మర్నాడే పోశం పని పోయింది. ఇక మైదానంలో ఆడొద్దని రాజం కబురు పంపాడు. మొగుడూ పెళ్లాలు అదే బండి తోలుకుని లక్షెట్టిపేట, చెన్నూరు వైపు ఊళ్లు తిరిగారు. ఈ సంగతి వాళ్లకంటే ముందే ఊళ్లకు చేరింది. పోయిన ప్రతిచోటా ఓడదొంగ ఆటే కావాలన్నారు. ఎన్నికల్లో రాజం ఓడిపోయాడు. నీవల్లే ఓడాడని ఎవరైనా అంటే సరోజన ఒప్పుకునేది కాదు. "నాతోని కాదు. ఆయన కింద పనిజేసినోళ్లతోని ఓడిండు," అనేది.

తర్వాత బెల్లంపల్లికి తిరిగొస్తే పోశంకు ఈసారి గని లోపల పని దొరికింది. కొన్నేళ్లకు కార్మికులు సమ్మె కట్టినప్పుడు సంఘం వాళ్లు వచ్చి, దొంగ వేషంలో ఊరేగింపు ముందు నడవమని ఆమెను అడిగారు.

"వేషం ఆటకు. నడుసుడుకు నా చీరె చాలు," అంది సరోజన.

కొంగు నడుముకు దోపి, అందరికంటే ముందు నడిచింది.