మస్కట్‌లో మల్లె

మస్కట్‌లో టీచరుగా చేరిన ఏడాది, వేసవి సాయంత్రాల్లో మా ఊరంతా కమ్ముకునే ఆ వాసన కోసం ఒక మల్లె మొక్క కొన్నాను. ఆరేళ్లు బాల్కనీలో ఏపుగా పెరిగింది గానీ ఒక్క పువ్వూ పూయలేదు.

ఒకసారి సెలవుల్లో రాజమండ్రి నుంచి రావులపాలెం వెళ్తుంటే, కడియం దగ్గర ఒకావిడ బస్సెక్కి నా పక్కన కూర్చుంది. గోళ్ల నిండా ఎర్రమట్టి. నర్సరీలో పనట. ఉండబట్టలేక నా గోడు చెప్పుకుని, ఫోన్‌లో మొక్క ఫొటో చూపించాను.

"రోజూ నీళ్లు పోస్తారాండి?"

"రెండు పూటలా పోస్తానండి."

"అదేనండి మరి. చలికాలంలో నెల్లాళ్లు నీళ్లు మానేయండి. ఆ తర్వాత ఆకంతా దూసేసి, కొమ్మలు కత్తిరించి, అప్పుడు పొయ్యండి."

"చచ్చిపోదాండీ?"

"అది చావదండి. మీకే చేతులాడవు" అని నవ్వి, నా చెయ్యి నొక్కి తన ఊళ్లో దిగిపోయింది. పేరడగాలని కూడా నాకు తోచలేదు.

జనవరిలో ఆకు దూస్తుంటే నిజంగానే చేతులాడలేదు. మోడైన ఆ మొక్కను చూసిన ప్రతిసారీ తప్పు చేశాననే అనిపించేది.

మార్చిలో ఒక సాయంత్రం స్కూలు నుంచి వచ్చి తలుపు తీస్తే ఇల్లంతా మల్లెల వాసన. చెప్పులైనా విడవకుండా బాల్కనీలోకి వెళ్లి, కుండీ పక్కన నేల మీదే చాలాసేపు కూర్చుండిపోయాను.