ఎలుగును పీత అనుకున్న అల్లుడు

ఎలుగుబంటికీ పీతకూ పెద్ద తేడా లేదని నమ్మిన మహానుభావుణ్ణి నేనే. ఆ నమ్మకంతో ఒక రోగిష్టి మనిషిని చావు ముందు కూర్చోబెట్టి వచ్చాను. నవ్వుకోండి, పరవాలేదు. మా అత్తవారి ఊరు ఎప్పుడో నవ్వేసింది.

మాది పూండి దగ్గర సముద్రపు ఒడ్డు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఉద్దానంలో జీడితోటల ఊరికి అల్లుణ్ణయ్యాను. అప్పటికే మామగారికి కిడ్నీలు పాడై, కాళ్లు బొండాల్లా వాచి, మంచం దిగడం మానేశారు. ఆయన కోరిక ఒక్కటే.

"ఓపాలి నా తోట సూడాల, బాబూ."

"పళ్ల కాలం. తోటలో ఎలుగు తిరుగుతంది," అంది అత్త.

నేను కాలరు సర్దుకున్నాను. "ఎలుగేటత్తా! మా ఒడ్డున పీతలు నేవా? రెండిటికీ గోళ్లే బలం, గుండె పిరికి. కాలితో నేల దబ్బున తన్నితే పీత బొరియలో దూరిపోద్ది. ఎలుగూ అంతే."

"పీతకి పది కాళ్లు, బాబూ," అన్నారు మామ.

"ఎలుగుకి నాలుగే కద మావా. ఇంకా తేలిక!"

సైకిలు మీద తీసుకెళ్లి, జీడిచెట్టు మొదట్లో కూర్చోబెట్టాను. రాలిన పండొకటి ఏరుకుని ఆయన వాసన చూస్తున్నారు. అంతలో పొద వెనక నుంచి అది వచ్చింది, మండుటెండలో నల్లగొంగడి కప్పుకున్న పెద్దమనిషిలా.

నేను శాస్త్రప్రకారం నేలను తన్నాను. అది రెండు కాళ్ల మీద లేచి నిలబడింది. ఆపైన పీతలా అడ్డంగా పరుగెత్తిన జీవి ఏదని మాత్రం అడగకండి. మామను వదిలేశానని గట్టు దాటాక గుర్తొచ్చింది.

వెనక నుంచి ఆయన గొంతు, అలసటగా: "ఎల్లే, ఎల్లు. ఆడు కొత్తల్లుడు. ఆడికేటి తెలుసు."

అది కాసేపు చూసి, పండొకటి కరుచుకుని వెళ్లిపోయింది.

"పారిపోనేదేటి మావా?" అన్నాను, తిరిగొచ్చి, సిగ్గులేకుండా.

"కాళ్లేవి, బాబూ?"

ఆ తర్వాత పలకరించడానికొచ్చిన ప్రతి మనిషికీ మంచం మీంచే ఈ కథ చెప్పారు. "మా అల్లుడు..." అంటూ చెయ్యి అడ్డంగా పాకించేవారు. వానలు పడకముందే పోయారు.

పెదకర్మ భోజనాల్లో బంధువులు నన్ను చూసి చేతులు అడ్డంగా పాకించారు. నేను లేచి, ఇకమీదట నీటి ప్రాణినీ నేల ప్రాణినీ ఒక్క వాక్యంలో కలపనని విస్తరి సాక్షిగా ప్రమాణం చేశాను. ఆ వెంటనే పగ తీర్చుకున్నాను.

"అసలు నిలబడింది నేను! పరిగెత్తింది మావ. పంచె ఎగ్గట్టి, గట్టు దూకి, ఊరిదాకా ఒకటే పరుగు!"

కాదనడానికి ఆయన లేరు. పంక్తి పంక్తంతా గొల్లుమంది.

అత్త మాత్రం నవ్వలేదు. వడ్డన ఆపి వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఆయన పరిగెత్తిన ముక్క ఇంకోపాలి సెప్పు, బాబూ."