ఖమ్రున్నీసా చేసిన కెర్నెల్ రిపేరు

ఖమ్రున్నీసా జమ్మలమడుగులో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. తప్పు తనదని ఒప్పుకోవడం తప్ప ఆమెకు రాని విద్య లేదని ఇంట్లోవాళ్లు అనుకునేవారు. ఆమె అన్న ఇనాయతుల్లాకు ప్రొద్దుటూరులో పెళ్లి వీడియోల స్టూడియో ఉండేది; కెమెరా పట్టేదీ అతనే. క్యాసెట్లు పోయి డీవీడీలు వచ్చిన కాలమది. అతని కంప్యూటరు వైరస్ పట్టి మూలనపడితే, "ఇంక దీనికి ఏ రోగమూ రాదు భాయ్" అని భరోసా ఇచ్చి అందులో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించింది ఆమే.

కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒక వేసవి సెలవుల్లో వచ్చి, ఎవరూ అడక్కుండానే దానికి కొత్త కెర్నెల్ వేసింది. ప్రోగ్రాములకూ యంత్రానికీ నడుమ నిలబడి పని చేయించే అసలు భాగం అది. ఆ రోజు నుంచి కంప్యూటరు లోపలి హార్డ్ డిస్కు మీద వీడియో రాయడం నత్తనడకైంది. నాలుగు పెళ్లిళ్లు ఒకేసారి డిస్కులోకి ఎక్కిస్తే ఏ జంటా పీటల మీది నుంచి లేచేది కాదు.

పులివెందుల నుంచి వనజమ్మ తన కూతురి పెళ్లి వీడియో కోసం వచ్చి కుర్చీలో తిష్ఠ వేసింది.

"ఏందప్పా, మా పాప కాన్పుకొచ్చేలోగానన్నా ఇస్తావా?"

ఇనాయతుల్లా చెల్లెలి వైపు చూశాడు. ఖమ్రున్నీసా దుమ్మునంది, ఓల్టేజీనంది, చివరికి డిస్కు ముసలిదైందంది. కొత్త డిస్కు పెట్టినా అదే నడక.

"పాత కెర్నెలేసి చూస్తే ఏం పోతాది?" అన్నాడతను.

పోయేది ఆమె పరువు. అయినా వేసి చూసింది. డిస్కు పరుగెత్తింది.

పాత కెర్నెల్‌తోనే సరిపెట్టుకుంటే పనైపోయేది. ఆమె సరిపెట్టుకునే మనిషి కాదు. పాతదానికీ కొత్తదానికీ మధ్య వేల మార్పులున్నాయి. వాటిని సగానికి విడగొట్టి, పరీక్షించి, చెడ్డ సగాన్ని మళ్లీ సగం చేస్తూ పోయింది. చివరికి ఒక్క మార్పు దగ్గర ఆగింది. డిస్కు తనకిచ్చినదాన్ని ముందు లోపల తాత్కాలికంగా దాచుకుని, తీరిగ్గా పక్కాగా రాసుకుంటుంది. కొత్త మార్పు వల్ల ప్రతి ప్రోగ్రామూ విడివిడిగా "ఇప్పుడే పక్కాగా రాయి" అని హుకుం వేస్తోంది. హుకుం వేసినప్పుడల్లా డిస్కు పనంతా ఆపుకుంటోంది.

ఆమె ఆ హుకుమే పీకేసింది. డిస్కు మళ్లీ పరుగెత్తింది. ఎవరైనా దిద్దగల ఆ కెర్నెల్‌ను చూసుకునే పెద్దలకు తన దిద్దుబాటును ఈమెయిల్‌లో పంపి, బేకరీ నుంచి దిల్‌పసంద్ తెచ్చి అందరికీ పంచింది. వారం తిరక్కుండా జవాబొచ్చింది: "హుకుం తీసేస్తే, కరెంటు పోయినప్పుడు రాశామనుకున్నది కూడా పోతుంది. మీ ఊళ్లో కరెంటు పోదా?"

ఇనాయతుల్లా కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. వనజమ్మ కూతురి తలంబ్రాలూ దానితోపాటే పోయాయి. అతని నవ్వు ఆగిపోయింది. అసలు టేపు బీరువాలో ఉంది కాబట్టి బతికిపోయాడు, పని మాత్రం మళ్లీ మొదటికొచ్చింది.

ఖమ్రున్నీసా ఒక రోజంతా ఆ మార్పు ముందేసుకుని కూర్చుంది. మరుసటి రోజు ఉత్సాహంగా లేచింది.

"భాయ్, బస్టాండులో ఒక్కో మనిషికీ ఒక్కో ఎర్రగుంట్ల బస్సు తీస్తారా?"

"యాడన్నా తీస్తారా?"

"ఈడ అదే చేస్తాండారు. బస్సు కదిలేలోగా వచ్చినోళ్లందరికీ ఒకటే బస్సు చాలు. కదిలినాక వచ్చినోడికే ఇంకోటి."

అదే దిద్దుబాటు. హుకుం వెళ్లేలోగా రాసి ఎదురుచూస్తున్న ప్రోగ్రాములన్నిటికీ కలిపి ఒకే హుకుం. ఈసారి పంపే ముందు, వీడియో రాస్తుండగా తనే పదేపదే ప్లగ్గు పీకి చూసింది. పీకినప్పుడల్లా ఇనాయతుల్లా "యా అల్లా" అని గుండె పట్టుకునేవాడు. రాశామన్నది ఒక్కటీ పోలేదు. పెద్దలు ఇంకాస్త సాపుచేసి తీసుకున్నారు. దిద్దుబాటు కింద ఆమె పేరు పెట్టారు. ఆ పేరును ఆమె షంషాద్ వదినకు, పక్క చీరల కొట్టాయనకు, పాలవాడికి కూడా చూపించింది.

వనజమ్మ వచ్చి డీవీడీ మొత్తం అక్కడే కూర్చుని చూసింది.

"శానా బాగుందిలే గానీ, నేను యాడ కనపడినా తింటానే ఉండానేందప్పా?"

ఇనాయతుల్లా అలవాటు కొద్దీ చెల్లెలి వైపు చూశాడు.

"అది కెర్నెల్ తప్పు కాదు వనజమ్మా," అంది ఖమ్రున్నీసా, "కెమెరా పట్టుకున్నోన్ని అడుగు."